గర్భసంచి, ట్యూబులు, ఓవరీలు: ఆపరేషన్ తర్వాత క్యాన్సర్ మాటేమిటి?

(మహిళల ఆరోగ్య సదస్సులో ఒక గైనకాలజిస్టు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా అమ్మా? ముందు వరుసల్లో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. పరవాలేదు, రండి.

నన్ను ఓవరీ క్యాన్సర్ గురించి మాట్లాడమన్నారు. నేను ఆపరేషన్ల దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే మన ఆంధ్రలో, మన తెలంగాణలో నలభై దాటిన ఆడవాళ్ళలో పొట్ట మీద కోత లేనివాళ్ళు తక్కువ. ఒకరికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఒకరికి సిజేరియన్ అయింది. ఒకరికి గర్భసంచి తీసేశారు. మూడూ అయినవాళ్ళు కూడా ఈ హాల్లో ఉండే ఉంటారు. ఈ ఆపరేషన్లకీ, ఆ తర్వాత పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో ఓవరీ క్యాన్సర్ రావడానికీ రాకపోవడానికీ సంబంధం ఉంది. సంబంధం ఉందనగానే కంగారు పడకండి. ఆపరేషన్ వల్ల క్యాన్సర్ వస్తుందని నేను అనడం లేదు. కొన్ని ఆపరేషన్ల వల్ల తగ్గుతుంది. కొన్నిటి వల్ల ఏ తేడా ఉండదు. కొన్నిటి వల్ల క్యాన్సర్ భయం తగ్గినా, దానికి మించిన నష్టం ఇంకో చోట జరుగుతుంది. ఏది ఏదో మనకి తెలియాలి.

గర్భసంచి తీయించుకున్నవాళ్ళని ఒక ప్రశ్న అడుగుతాను. చేతులెత్తక్కర్లేదు, మీ మనసులో మీరే జవాబు చెప్పుకోండి. మీకు ఓవరీలు ఉంచారా, తీసేశారా? ఒకటి తీశారా, రెండూ తీశారా? ట్యూబులు తీశారా? తెలుసా మీకు? నా ఓపీలో ఈ ప్రశ్న అడిగితే ఎక్కువమంది నా మొహం చూస్తారు, ఆ తర్వాత పక్కనున్న కూతురి మొహం చూస్తారు. "ఏమో డాక్టరుగారూ, అంతా తీసేశామన్నారు" అంటారు. అంతా అంటే ఏమిటి? మన ఒంట్లోంచి ఏం తీశారో మనకి తెలియకపోతే, రేపు పొట్టలో నొప్పి వచ్చినప్పుడు ఏం వెతకాలో డాక్టరుకి మాత్రం ఎలా తెలుస్తుంది?

కాబట్టి ముందు ఇది గుర్తుపెట్టుకోండి. గర్భసంచి ఒకటి. దానికి అటూ ఇటూ రెండు ట్యూబులు. ట్యూబుల చివర రెండు ఓవరీలు, అంటే అండాశయాలు. గర్భసంచి బిడ్డ పెరిగే చోటు, నెలసరి వచ్చే చోటు. ఓవరీలు హార్మోన్లు తయారుచేసేవి, అండం విడుదల చేసేవి. ట్యూబు ఆ అండాన్ని అందుకుని గర్భసంచి దాకా తీసుకువస్తుంది. ట్యూబు చివర చీర కొంగుకి కుచ్చులుంటాయి చూడండి, అలా ఉంటుంది. ఆ కుచ్చులు ఓవరీ మీద వాలి ఉంటాయి. ఈ కుచ్చుల సంగతి కాసేపాగి చెబుతాను, ఈరోజు నేను చెప్పాలనుకున్నదంతా అక్కడే ఉంది.

ముందు గర్భసంచి. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళని అడిగారు, గర్భసంచి తీయించుకున్నారా అని. దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు, 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలంగాణలో 7.7. దేశంలో అన్నిటికంటే ఎక్కువ మన దగ్గరే. తర్వాతి సర్వేలోనూ పెద్దగా తగ్గలేదు. పైగా అది 49 ఏళ్ళలోపు వాళ్ళ లెక్క మాత్రమే. దేశం మొత్తం మీద చూస్తే, ఇలా తీయించుకున్నవాళ్ళలో సగం మందికి 35 లోపే అయిపోయింది. ముప్పై ఐదు! ఇంకా పదేళ్ళకి పైగా నెలసరి రావాల్సిన వయసు.

ఎందుకు తీయించుకున్నారమ్మా అంటే ఏం చెబుతారు? తెల్లబట్ట అవుతోందట. నడుం నొప్పట. బ్లీడింగ్ ఎక్కువట. ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పే మాట ఇంకొకటి ఉంటుంది: "ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుందన్నారు." ఈ మాట మీద ఎంతమంది సంతకం పెట్టారో! తెల్లబట్ట క్యాన్సర్ కాదు. చాలామందిలో అది మందుతో తగ్గే ఇన్ఫెక్షన్. గర్భసంచి ముఖద్వారం మీద పుండు ఉందన్నంత మాత్రాన అది క్యాన్సర్ కాదు. అనుమానముంటే ముఖద్వారం కణాలు తీసి చూసే పాప్ స్మియర్ ఉంది, ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్‌ని వెతికే హెచ్‌పీవీ పరీక్ష ఉంది, ముక్క తీసి బయాప్సీకి పంపొచ్చు. ఇవేవీ చేయకుండా నేరుగా ఆపరేషన్ టేబుల్ మీదికి ఎందుకు? ఈ అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలు చేయండని. కోర్టు చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో ఆలోచించండి.

సరే. తీసేశారు. గర్భసంచి తీసేస్తే ఓవరీ క్యాన్సర్ తగ్గుతుందా? పాత అధ్యయనాలు కొంత తగ్గుతుందన్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎనిమిది లక్షల పైచిలుకు ఆడవాళ్ళ ఆస్పత్రి రికార్డులు, క్యాన్సర్ రికార్డులు కలిపి చూశారు, 2019లో అచ్చయింది. మొత్తం మీద చూస్తే తేడా ఏమీ లేదు. ఫైబ్రాయిడ్లు, అంటే గర్భసంచిలో క్యాన్సర్ కాని గడ్డలు ఉన్నవాళ్ళలో, గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్ళలో మాత్రం తగ్గింది. అంటే జబ్బు ఉండి తీస్తే వేరు. జబ్బు లేకుండా, క్యాన్సర్ రాకుండా ఉండటానికని గర్భసంచి తీస్తే ఓవరీ క్యాన్సర్ విషయంలో ఒరిగేదేమీ లేదు. గర్భసంచి తీసేశారు కాబట్టి నాకిక ఆ క్యాన్సర్లేవీ రావు అనుకునే అక్కలున్నారే, వాళ్ళకి మళ్ళీ చెబుతున్నాను. ఓవరీలు లోపలుంటే ఓవరీ క్యాన్సర్ రావచ్చు. గర్భసంచి లేకపోయినా రావచ్చు.

"అయితే డాక్టరుగారూ, ఎలాగూ పొట్ట కోశారు కదా, ఓవరీలు కూడా తీసేస్తే పీడా పోతుంది కదా?" ఇది నన్ను పేషెంట్లు అడుగుతారు, పేషెంట్ల భర్తలు అడుగుతారు. డాక్టర్లు కూడా చాలా ఏళ్ళు ఇలాగే ఆలోచించారు. ఓవరీలు తీస్తే ఓవరీ క్యాన్సర్ దాదాపు పోతుంది, నిజమే. కానీ ఆ మనిషి ఎక్కువకాలం బతుకుతుందా?

అమెరికాలో నర్సుల ఆరోగ్య అధ్యయనం అని ఒకటి 1976 నుంచీ నడుస్తోంది. అందులో గర్భసంచి తీయించుకున్న ముప్పై వేల మందిని 28 ఏళ్ళపాటు చూశారు. కొందరికి ఓవరీలు ఉంచారు, కొందరికి రెండూ తీసేశారు. ఓవరీలు ఉంచినవాళ్ళు 13,203 మంది. వాళ్ళలో 28 ఏళ్ళలో ఓవరీ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళు 44 మంది. తీసేసినవాళ్ళు 16,914 మంది. వాళ్ళలో ఓవరీ క్యాన్సర్‌తో చనిపోయింది నలుగురే. నలభై నాలుగెక్కడ, నలుగురెక్కడ! ఇక్కడ ఆగిపోతే తీసేయడమే మంచిదనిపిస్తుంది. ఆగకండి. అన్ని కారణాలతో చనిపోయినవాళ్ళని లెక్కపెడితే, ఓవరీలు ఉంచినవాళ్ళలో నూటికి 13.3 మంది పోయారు, తీసేసినవాళ్ళలో 16.8 మంది పోయారు. గుండెజబ్బులతో ఎక్కువమంది పోయారు. యాభై లోపే తీయించుకుని, ఆ తర్వాత ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ మాత్రలు వాడనివాళ్ళకి ఇంకా ఎక్కువ నష్టం జరిగింది.

ఇప్పుడు మన దగ్గర చూడండి. ముప్పై ఆరేళ్ళ అమ్మాయికి ఓవరీలు రెండూ తీసేస్తారు. హార్మోన్ మాత్రలు రాసిచ్చేవాళ్ళు తక్కువ, రాసినా వాడేవాళ్ళు ఇంకా తక్కువ. మన ఆడవాళ్ళకి నెలసరి మామూలుగా ఆగేది 46, 47 ఏళ్ళకి. ఈ అమ్మాయికి పదేళ్ళ ముందే, ఒక్క రోజులో ఆగిపోయింది. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర పట్టదు, కోపం, మంట, మొగుడితో దగ్గరగా ఉండలేకపోవడం. అవి కనపడేవి. లోపల ఎముకలు గుల్లబారుతుంటాయి, అవి కనపడవు. యాభై ఏళ్ళకే కాలు జారి పడితే తుంటి విరుగుతుంది. ఇంట్లో వాళ్ళు బలం లేక అనుకుంటారు. వరి నాట్లకి వంగాల్సిన మనిషి, కూలికి వెళితేగానీ పూట గడవని మనిషి. ఆమె ఎముకల సంగతి ఆరోజు ఎవరు ఆలోచించారు?

అందుకని ఒంట్లో వంశపారంపర్య దోషం లేని, మామూలు ఆడమనిషికి, ఓవరీలు బాగున్నప్పుడు, నెలసరి ఆగకముందు వాటిని తీయకూడదు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. ఓవరీలో గడ్డ ఉందంటే, క్యాన్సర్ అనుమానం ఉందంటే ఆ మాట వేరు. ఇప్పటికే చిన్న వయసులో తీయించుకున్నవాళ్ళు ఇక్కడుంటే, దిగులు పడొద్దు. గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళి ఇంత వయసులో రెండు ఓవరీలూ తీశారని చెప్పి హార్మోన్ల గురించి, ఎముకల పరీక్ష గురించి అడగండి. రొమ్ము క్యాన్సర్ లాంటివి లేకపోతే నెలసరి మామూలుగా ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ ఇవ్వొచ్చు.

మరి ఓవరీలు ఉంచితే క్యాన్సర్ భయం ఉందంటున్నారు, తీస్తే గుండె, ఎముకలు అంటున్నారు, ఏం చేయాలి? ఇక్కడికొచ్చేసరికి ఆ కుచ్చుల సంగతి చెప్పాలి.

నేను చదువుకునే రోజుల్లో ఓవరీ క్యాన్సర్ ఓవరీ పైపొరలో పుడుతుందని పాఠం. అండం విడుదలైనప్పుడల్లా ఆ పొర చిరుగుతుంది, అతుక్కుంటుంది, అలా అతుక్కునేటప్పుడు కణాలు దారి తప్పుతాయని చెప్పేవాళ్ళు. చిక్కేమిటంటే, ఓవరీ మీద క్యాన్సర్ మొదటి దశ ఎలా ఉంటుందో ఎంత వెతికినా దొరికేది కాదు. 2001లో నెదర్లాండ్స్ పాథాలజిస్టులు, అంటే తీసిన ముక్కలని పరీక్షించే డాక్టర్లు, వంశపారంపర్యంగా ప్రమాదం ఉండి ముందుజాగ్రత్తగా ఓవరీలూ ట్యూబులూ తీయించుకున్నవాళ్ళ ట్యూబులని మైక్రోస్కోపు కింద చూశారు. తేడా ఉన్న కణాలు ఓవరీలో కాదు, ట్యూబులో కనపడ్డాయి! ఆ తర్వాత బోస్టన్‌లో ట్యూబు చివరని సన్నసన్న పొరలుగా కోసి చూడటం మొదలుపెట్టారు. మొదటి దశ క్యాన్సర్ ఎక్కువగా ఆ కుచ్చుల్లోనే దొరికింది. అక్కడ పుట్టిన కణాలు రాలి పక్కనే ఉన్న ఓవరీ మీద పడతాయి, పొట్టలో పాకుతాయి. మనం పొట్ట తెరిచేసరికి ఓవరీ పెద్ద గడ్డై ఉంటుంది, ట్యూబు అందులో కలిసిపోయి ఉంటుంది. అందుకే ఇన్నేళ్ళూ నేరం ఓవరీ మీదే మోపాం.

అన్ని రకాలూ ట్యూబులో పుడతాయని కాదు. కానీ హై గ్రేడ్ సీరస్ అనే రకం ఉంది, అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది అదే, ఎక్కువమందిని చంపేదీ అదే. అది చాలామటుకు ట్యూబులోదే. ఇది తెలిశాక ఆలోచన మారింది. హార్మోన్లు ఇచ్చే ఓవరీని ఉంచుదాం. పిల్లలు చాలనుకున్నాక ట్యూబుతో పనిలేదు కదా, దాన్ని తీసేద్దాం.

ఎక్కడైనా చేసి చూశారా? చేశారు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రం ఉంది. 2010 సెప్టెంబరులో అక్కడి గైనకాలజిస్టులందరికీ ఒక విజ్ఞప్తి వెళ్ళింది: గర్భసంచి తీసేటప్పుడు ట్యూబులు కూడా తీయండి, ఓవరీలు ఉంచండి. పిల్లల ఆపరేషన్‌లో ట్యూబు ముడివేసే బదులు మొత్తం తీసేయండి. ఆ తర్వాత ఫలితాలు 2022లో వచ్చాయి. ట్యూబులు తీయించుకున్నవాళ్ళు 25,889 మంది. వాళ్ళ వయసుల్ని బట్టి అయిదుగురికైనా సీరస్ క్యాన్సర్ రావాలి. ఎంతమందికి వచ్చింది? ఒక్కరికీ రాలేదు. అయిదు చిన్న సంఖ్యే, ఇంకా ఏళ్ళు గడవాలి, వాళ్ళకి వయసు పెరగాలి. కానీ దారి సరైనదేనని తెలిసింది. స్వీడన్‌లోనూ యాభై లక్షల పైచిలుకు ఆడవాళ్ళ రికార్డులు చూశారు. రెండు ట్యూబులూ తీసినవాళ్ళలో ఓవరీ క్యాన్సర్ దాదాపు మూడో వంతుకి పడిపోయింది. ఒక్క ట్యూబే తీసినవాళ్ళలో అంత తగ్గలేదు.

ఇప్పుడు పిల్లల ఆపరేషన్. ఇది మనకి సొంత విషయం. ఆంధ్రలో పెళ్ళైన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది చేయించుకున్నారు. తెలంగాణలో 60 పైన. మగవాళ్ళు చేయించుకునేది లేదు, అది వేరే ప్రసంగం. మన ఆపరేషన్‌లో ఏం చేస్తారు? ట్యూబు మధ్యలో ముడి వేసి చిన్న ముక్క కోస్తారు, లేదా ల్యాప్‌లో, అంటే చిన్న రంధ్రం గుండా చేసే ఆపరేషన్‌లో, రింగు వేస్తారు. చివరనున్న కుచ్చులు లోపలే ఉంటాయి. అయినా మంచి జరుగుతుంది. గర్భసంచి లోపలి పొర కణాలు నెలసరి సమయంలో ట్యూబు గుండా పైకి పాకి ఓవరీ మీద చేరతాయి. ఎండోమెట్రియాయిడ్, క్లియర్ సెల్ అనే రకాల క్యాన్సర్లకి మూలం అక్కడుంది. దారి మూసేస్తే అవి పైకి వెళ్ళలేవు. అందుకే ముడివేసినవాళ్ళలో ఆ రెండు రకాలూ దాదాపు సగానికి తగ్గాయి. కుచ్చుల్లో పుట్టే సీరస్ రకం మాత్రం అయిదో వంతే తగ్గింది. కాబట్టి ఆపరేషన్ అయిపోయిన అక్కలారా, మీకు కొంత రక్షణ ఉంది. మిగిలిన ట్యూబు తీయించుకోవడానికని మళ్ళీ పొట్ట కోయించుకోకండి. మళ్ళీ చెబుతున్నాను, దీనికోసమే ఆపరేషన్‌కి వెళ్ళకండి. మామూలు ఆడమనిషికి జీవితకాలంలో ఓవరీ క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి ఒకటి, అటూ ఇటూ. ఎప్పుడైనా వేరే కారణానికి అక్కడ ఆపరేషన్ అవసరమైతే అప్పుడు ట్యూబుల మాట అడగండి.

ఇంకా ఆపరేషన్ కానివాళ్ళు, మీ కూతుళ్ళు, కోడళ్ళు ఉంటారు. మన దగ్గర సిజేరియన్లు ఎక్కువ. తెలంగాణలో కాన్పుల్లో సగానికి పైగా సిజేరియన్లే. రెండో సిజేరియన్‌తో పాటే పిల్లల ఆపరేషన్ చేసేస్తారు. పొట్ట తెరిచే ఉంటుంది, ట్యూబు కళ్ళ ముందుంటుంది. ముడివేసే బదులు మొత్తం తీయడానికి కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది. రక్తనాళాలు జాగ్రత్తగా కట్టాలి, ఓవరీకి వెళ్ళే సన్న నాళాలు దెబ్బతినకూడదు. క్యాంపులో వరసగా చేసే ఆపరేషన్లలో ఇది కుదరదు, కుదిర్చే ప్రయత్నమూ చేయకూడదు. సదుపాయమున్న ఆస్పత్రిలో, చేతకాగల డాక్టరు దగ్గర అడగండి.

అడిగేముందు ఒకటి ఆలోచించుకోండి. మన ఆడపిల్లలకి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళకే పిల్లల ఆపరేషన్ అయిపోతుంది. దేవుడు దయతలచక బిడ్డకేమైనా అయితే, ముడివేసిన ట్యూబుని మళ్ళీ అతికించే ఆపరేషన్ ఉంది. ట్యూబు మొత్తం తీసేస్తే అతికించడానికి ఏమీ మిగలదు. ఐవీఎఫ్ ఒక్కటే దారి, దాని ఖర్చు మీకు తెలుసు. ఇరవై మూడేళ్ళ అమ్మాయికి నేనైతే ట్యూబులు తీయమని తొందరపెట్టను. ముప్పై ఐదేళ్ళ తల్లికి, ఇక పిల్లలు వద్దనే నిశ్చయం ఉన్న తల్లికి తప్పకుండా చెబుతాను.

ఇదంతా ఎందుకు ఇంత నొక్కి చెబుతున్నానంటే, ఈ క్యాన్సర్‌ని ముందే పట్టుకునే పరీక్ష లేదు. బ్రిటన్‌లో రెండు లక్షల మందిపై చూశారు. కొందరికి ఏటా సీఏ 125 రక్తపరీక్ష, కొందరికి ఏటా స్కానింగు, కొందరికి ఏదీ లేదు. 2021లో తేలిందేమిటి? పరీక్షల వల్ల ఓవరీ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. కాబట్టి హెల్త్ ప్యాకేజీలో సీఏ 125 నార్మల్ వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. కొంచెం ఎక్కువ వచ్చిందని ఏడవకండి, నెలసరిలో కూడా పెరుగుతుంది. పొట్ట ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం. ఇవి కొత్తగా వచ్చి, రెండు మూడు వారాలైనా తగ్గకపోతే గ్యాసని మాత్రలు మింగుతూ కూర్చోకండి. స్కానింగు చేయించండి. గర్భసంచి లేనివాళ్ళు కూడా.

సభలో అడిగిన ప్రశ్నలు

ఒక అక్క అడుగుతున్నారు, "పన్నెండేళ్ళ కిందట గర్భసంచి తీశారు, కాగితాలు లేవు. ఓవరీలు ఉన్నాయో లేవో ఎలా తెలుస్తుంది?" ముందు ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో అడగండి. ఆరోగ్యశ్రీలో చేయించుకుని ఉంటే ఆ కార్డు నంబరు పట్టుకెళ్ళండి, పాత వివరాలు దొరకవచ్చు. దొరక్కపోతే స్కానింగు చేయిస్తే ఓవరీలు చాలావరకు తెలుస్తాయి. నెలసరి ఆగే వయసు దాటితే చిన్నవైపోతాయి, స్కానులో కనపడకపోవచ్చు. ట్యూబులు మాత్రం మామూలు స్కానులో కనపడవు. ఇకమీదట ఎవరికి ఆపరేషన్ అయినా డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ రిపోర్టు రెండూ అడిగి తీసుకోండి. ఏం తీశారో బయాప్సీ రిపోర్టులో ఉంటుంది. రేషన్ కార్డు ఎక్కడ దాస్తారో అక్కడే దాచండి. ఫోనులో ఫోటో కూడా తీసుకోండి.

ఇంకో అమ్మాయి చీటీ పంపింది. "మా అమ్మకి ఓవరీ క్యాన్సర్, ఇప్పుడు కీమో నడుస్తోంది. పిన్నికి రొమ్ము క్యాన్సర్. నాకు 31 ఏళ్ళు. నేను ఓవరీలు తీయించుకోవాలా?" మంచి ప్రశ్న అమ్మా. ఇందాకటి నుంచీ నేను ఓవరీలు తీయకండని చెప్పింది మామూలు ఆడవాళ్ళ గురించి. మీ ఇంటి లెక్క వేరు కావచ్చు. బీఆర్‌సీఏ అని రెండు జన్యువులున్నాయి. అందులో మొదటిదానిలో దోషం ఉంటే జీవితకాలంలో ఓవరీ క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి నలభైకి అటూ ఇటూగా ఉంటుంది, రెండోదానిలో అయితే అంతకంటే తక్కువ. అలాంటివాళ్ళకి పిల్లలు పుట్టాక, మొదటి జన్యువైతే 35–40 మధ్య, రెండోదైతే 40–45 మధ్య ట్యూబులూ ఓవరీలూ రెండూ తీయమనే చెబుతాం. అక్కడ హార్మోన్లు పోవడం కంటే క్యాన్సర్ ప్రమాదం పెద్దది. హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ 2015లో చేయించుకున్నది ఇదే, వాళ్ళమ్మ కూడా ఓవరీ క్యాన్సర్‌తోనే పోయారు.

కానీ మొదట పరీక్ష చేయాల్సింది నీకు కాదు, అమ్మకి. జబ్బు వచ్చిన మనిషిలో దోషం ఎక్కడుందో దొరికితే, నీలో సరిగ్గా దానికోసమే వెతకొచ్చు. అమ్మలో దొరికి నీలో లేకపోతే నీది మామూలు ఆడవాళ్ళ లెక్కే. ఆ దోషం తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది, అన్నదమ్ములకీ ఉండొచ్చు, వాళ్ళకీ చెప్పాలి. అమ్మకి ఇప్పుడు కీమో నడుస్తోందన్నావు కదా? వచ్చేసారి కీమోకి వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరుని బీఆర్‌సీఏ పరీక్ష గురించి అడుగు. ఆమెకిచ్చే మందు ఎంచుకోవడానికి కూడా ఆ రిపోర్టు పనికొస్తుంది. అది వచ్చాక, దాంతోపాటు పిన్ని బయాప్సీ రిపోర్టు కూడా పట్టుకుని నా దగ్గరికి రా. నీకు 31 ఏళ్ళే, కూర్చుని నిదానంగా ఆలోచిద్దాం.